మొహం పీక్కుపోతే రెప్పలకేమవుతుంది?

(బరువు తగ్గుతున్నవారి కోసం అమలాపురంలో జరిగిన ఆరోగ్య సభలో ఒక కనురెప్పల శస్త్రచికిత్స నిపుణురాలు చేసిన ప్రసంగం ఇది. మాట్లాడిన తీరులోనే అక్షరాల్లో పెట్టాం. సభికుల ప్రశ్నలు మధ్యలో వచ్చినచోటే ఉన్నాయి.)

అందరికీ నమస్కారమండి.

ఏడాది తర్వాత పెళ్ళిలో కలిసిన చుట్టం మన నడుము చూడరు, మొహం చూస్తారు. "ఏంటి పిన్నీ, అలా చిక్కిపోయారు? కళ్ళు లోపలికి పోయాయే, ఒంట్లో బాగుంటోందా?" అనేస్తారు. పొద్దున్నే లేచి కాలవగట్టు మీద నడిచి, రాత్రి అన్నం మానుకుని, పదిహేను కేజీలు తగ్గిన మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో ఆలోచించండి. ఆ ఒక్క మాటకే నడక మానేసి మళ్ళీ మామూలుగా తినేసేవాళ్ళున్నారు. సుగరూ, బీపీ అదుపులోకి వస్తున్న సమయంలో అలా వెనక్కి వెళ్ళిపోవడం చాలా నష్టం. అందుకని అసలు మొహంలో ఏం మారుతుందో, ఏది భయపడాల్సినదో, ఏది కాదో విడమరిచి చెబుతాను.

"కళ్ళు గుంటలు పడ్డాయి", "మొహం పీక్కుపోయింది", "రెప్పలు వాలిపోయాయి" అని మూడు మాటలు వాడుతూ ఉంటాం, ఒకదాని బదులు ఇంకోటి. వైద్యం దృష్టిలో ఇవి మూడు వేర్వేరు సంగతులండి. మొదటి రెండూ బరువు తగ్గితే రావచ్చు. మూడోది, అంటే రెప్పని ఎత్తే కండరం పట్టు తప్పి రెప్ప నిజంగా కిందికి దిగడం, బరువు తగ్గినందువల్ల వచ్చేది కాదు. దానికి కారణం వేరే చోట వెతకాలి. ఇవాళ్టి మాటల్లో ఇదొక్కటి గుర్తున్నా చాలు.

ముందు రెప్ప నిర్మాణం చూద్దాం. ఒంటిమీది చర్మంలోకెల్లా రెప్ప చర్మం పలచన, ఒక మిల్లీమీటరు మందం కూడా ఉండదు. పొట్ట మీదా, జబ్బ మీదా చర్మం కింద ఉండే కొవ్వు పొర రెప్ప చర్మం కింద ఉండదు. చర్మం, దాని కింద కన్ను మూసే గుండ్రటి కండరం, దాని వెనక ఒక పలచటి తెర. ఆ తెర వెనకాల కంటిగుడ్డుకి మెత్తలాగా కొవ్వు ఉంటుంది. పై రెప్పలో రెండు ముద్దలు, కింది రెప్పలో మూడు. పై రెప్పలో బయటి మూలన కొవ్వు ముద్ద ఉండదు, అక్కడ కన్నీటి గ్రంథి ఉంటుంది. పై రెప్ప కొవ్వు వెనకనుంచి రెప్పని ఎత్తే కండరం వస్తుంది.

ఈ కంటిగూటి కొవ్వు అంత తేలిగ్గా కరగదు. గాదెలో తిండిగింజలు ఎంత తరిగినా విత్తనాల బస్తా ముట్టుకోరు కదండీ, అలాగన్నమాట. మామూలుగా పది పదిహేను కేజీలు తగ్గినవాళ్ళకి ఇందులో పోయేది చాలా తక్కువ. నెలల తరబడి తిండి అందకపోయినా, పెద్ద జబ్బుతో చిక్కి శల్యమైనా అప్పుడు అదీ తరుగుతుంది. అందుకే ఆసుపత్రిలో రోగి పోషణ ఎలా ఉందో అంచనా వేసేటప్పుడు కంటి కిందా, కణతల దగ్గరా గుంటలు పడ్డాయా అని చూస్తారు.

మరి పది కేజీలకే కళ్ళు మారినట్టు ఎందుకు కనిపిస్తాయి? కంటి ఇరుగుపొరుగు మారుతుంది కాబట్టి. కనుబొమ్మ కింద ఒక కొవ్వు దిండు ఉంటుంది. కణత దగ్గర ఒకటి, చెంప ఎముక మీద ఒకటి, బుగ్గ లోతులో ఒకటి. మొహంలో కొవ్వంతా ఒకే దుప్పటిలా పరుచుకుని ఉంటుందని ఒకప్పుడు అనుకునేవారు. 2007లో రోరిచ్, పెస్సా అనే అమెరికా సర్జన్లు అది గదులు గదులుగా ఉంటుందని చూపించారు. మన మళ్ళకి గట్లున్నట్టు ప్రతి గదికీ హద్దులున్నాయి. ఒక మడిలో నీళ్ళు తీస్తే పక్కమడిలో ఉన్నపళంగా తగ్గవు కదా, అలాగే ఒక గది ముందు ఖాళీ అవుతుంది, ఇంకోటి తర్వాత అవుతుంది. ఆ గట్లు అప్పుడు బయటికి తేలతాయి. కంటి లోపలి మూలనుంచి చెంప మీదికి వాలుగా దిగే గాడి అలాంటిదే. చెంప కొవ్వు తగ్గగానే ఆ గాడి లోతుగా, నల్లగా కనపడుతుంది. పైన ఉన్న కింది రెప్ప కొవ్వేమో అలాగే ఉంది. అందుకని కింది రెప్ప సంచులు పెరిగాయనిపిస్తుంది. నిజానికి సంచి పెరగలేదు, దాని కింద నేల కుంగింది.

ఈ మార్పు ఎన్ని కేజీలకి కనిపిస్తుందంటే, టొరంటో విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక లెక్క ఇచ్చారు. మామూలు ఎత్తున్న ఆడవాళ్ళు మూడున్నర కేజీలు, మగవాళ్ళు నాలుగు కేజీల దాకా తగ్గితే ఎదుటివాళ్ళు మొహంలో పోల్చుకోగలరట. 

ఇందులో మొదటి వారం సంగతి వేరుగా చెప్పాలి. అన్నం, చక్కెర తగ్గించగానే కాలేయంలో, కండల్లో నిలవున్న గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఖర్చవుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది, ఆ నీరూ బయటికి పోతుంది. ఉప్పు కూడా తగ్గిస్తే ఇంకా పోతుంది. రెప్ప చర్మం పలచన కాబట్టి ఒంట్లో నీటి మార్పు అక్కడే ముందు తెలుస్తుంది. అందుకే మొదటి పదిరోజుల్లో పొద్దున్నే ఉండే ఉబ్బు తగ్గి, రెప్ప మడత గీత స్పష్టంగా తేలి, కళ్ళు విప్పారినట్టు అనిపిస్తుంది. అది కొవ్వు కరగడం కాదు. ఒక్కరోజు ఊరగాయా, ఎండుచేపల కూరా, అప్పడాలూ గట్టిగా తింటే మర్నాడు ఆ ఉబ్బు మళ్ళీ వచ్చేస్తుంది. రోజుకి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక టీ చెంచా, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఊరగాయల లెక్క కూడా ఆ చెంచాలోనే పడాలండి.

తర్వాత నెలల్లో కొవ్వు తగ్గడం మొదలయ్యాక, ఒకే మార్పు వయసుని బట్టి రెండు రకాలుగా కనిపిస్తుంది. ఇరవై అయిదేళ్ళ అమ్మాయికి కనుబొమ్మ కింది దిండు బాగా నిండుగా ఉండి, రెప్ప మడత దాని కింద దాగి ఉందనుకోండి. బరువు తగ్గితే ఆ దిండు పలచబడుతుంది, చర్మం సాగే గుణం ఉంది కాబట్టి వెనక్కి లాక్కుంటుంది, మడత బయటపడుతుంది, కళ్ళు పెద్దవిగా కనిపిస్తాయి. అదే యాభై అయిదేళ్ళ ఆవిడకి? కనుబొమ్మ తోకకి, అంటే బయటి చివరకి, కింద ఊతంగా ఉన్నది ఆ దిండే. అది తగ్గితే తోక కిందికి జారుతుంది. ఎండలో ఏళ్ళ తరబడి ఉన్న చర్మం వెనక్కి లాక్కోలేదు. ఆ మిగిలిన చర్మం బయటి మూలన రెప్ప వెంట్రుకల మీదికి చూరులా దిగుతుంది. ఆవిడ రెప్ప వాలిపోయిందనే అంటుంది. చూరు ఎత్తి చూస్తే రెప్ప అంచు సరిగ్గా ఉండాల్సిన చోటే ఉంటుంది. పొగతాగేవాళ్ళకీ, రొయ్యల చెరువుల గట్ల మీద, చేలల్లో టోపీ లేకుండా ఎండన పడేవాళ్ళకీ ఇది ముందుగా వస్తుంది, చర్మంలో సాగే తీగలు తెగిపోయి ఉంటాయి కాబట్టి.

కింది రెప్ప సంగతి ఇంకోటి. నిండు చెంప ఆ రెప్పకి కిందనుంచి పీటలా ఉంటుంది. అది తగ్గాక, రెప్ప ముందే వదులుగా ఉన్న పెద్దవయసువాళ్ళకి, నల్లగుడ్డు కింద తెలుపు కనపడటం మొదలవుతుంది. కన్ను ఎండిపోయినట్టు గరగరలాడటం, గాలి తగిలితే నీరు కారడం వస్తాయి. చిన్న పరీక్ష: కింది రెప్పని వేలితో కిందికి లాగి వదలండి. రెప్పవాల్చకుండానే అది వెంటనే తిరిగి కంటికి అతుక్కోవాలి. రెప్పవాలిస్తే గానీ వెళ్ళకపోతే వదులైనట్టు.

[ఒక సభికుడు: కొబ్బరినూనె తాగి, నిమ్మకాయ నీళ్ళ మీద ఉండి రెండు నెలల్లో ఇరవై కేజీలు తగ్గినవాళ్ళున్నారండి మా ఊళ్ళో. వాళ్ళ మొహాలే ఎక్కువ పీక్కుపోయాయి. నూనె వల్లా?]

నూనె వల్ల కాదండి, వేగం వల్ల. చర్మం కొవ్వు తగ్గినంత తొందరగా ముడుచుకోలేదు. దానికి నెలలు పడుతుంది. వారానికి అరకేజీ నుంచి కేజీ దాకా తగ్గడం మంచిది. పైగా ద్రవాల మీద ఉన్నప్పుడు మాంసకృత్తులు అందక కండ కూడా పోతుంది. కణతల గుంటల్లో ఆ కండ పాత్ర ఉంది. కిడ్నీ జబ్బు లేనివాళ్ళు బరువులో కేజీకి 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు తినాలి. 70 కేజీల మనిషికి 70 నుంచి 84 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు. వంద గ్రాముల చేపలో 18 నుంచి 20. యాభై గ్రాముల పెసరపప్పులో 12. పావులీటరు పాలల్లో 8. తణుకూ అనపర్తీ గుడ్లు దేశమంతా తిరుగుతుంటే, మన ఇళ్ళల్లో పొద్దున్న రెండు ఇడ్లీ, మధ్యాహ్నం చారన్నం తిని బరువు తగ్గుతున్నామనుకుంటే ఎలాగండి? దీంతోపాటు వారానికి రెండు మూడు రోజులు బరువులెత్తే వ్యాయామం ఉండాలి. నడక ఒక్కటీ కండని కాపాడదు.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి కూడా చెప్పాలి. సెమాగ్లుటైడ్ అనే మందు పరీక్షల్లో, 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం, 68 వారాల్లో సగటున 14.9 శాతం బరువు తగ్గింది. తొంభై కేజీల మనిషికి పదమూడు కేజీలు పైనే. టిర్జెపటైడ్ అనే ఇంకో మందు పెద్ద మోతాదులో 72 వారాలకి సుమారు 21 శాతం. ఇంత తగ్గితే మొహం మారకుండా ఎలా ఉంటుంది? సెమాగ్లుటైడ్‌ని అమ్మే ఒక పేరు ఓజెంపిక్, దాన్నిబట్టి "ఓజెంపిక్ ఫేస్" అని పేరు పెట్టారు గానీ ఆ మందు మొహం కొవ్వుని వెతుక్కుని కరిగించదు. ఒళ్ళంతా తగ్గినట్టే మొహమూ తగ్గుతుంది.

ఈ మందు వాడే ముందు చేయించుకోవాల్సింది వేరే ఉంది. సుగరున్నవాళ్ళు కంటి లోపల వెనక ఉండే తెర పరీక్ష, అంటే రెటీనా పరీక్ష, ముందుగా చేయించుకోండి. సుగరు ఒక్కసారిగా తగ్గితే అప్పటికే దెబ్బతిన్న రెటీనా కొన్నాళ్ళు మరింత పాడవ్వచ్చు. అలాగే నొప్పి లేకుండా ఒక కంటి చూపు హఠాత్తుగా మసకబారితే అదేరోజు ఆసుపత్రికి వెళ్ళండి. కంటి నరానికి రక్తం అందకపోవడం సెమాగ్లుటైడ్ వాడేవాళ్ళలో బాగా అరుదుగా, పదివేలమందిలో ఒకరి దాకా, రావచ్చని ఐరోపా మందుల సంస్థ 2025 జూన్‌లో చెప్పింది. పీక్కుపోయిన బుగ్గల కంటే ఇవి ముఖ్యం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బరువు తగ్గడం వల్ల వచ్చే మార్పు రెండు కళ్ళలోనూ, నెమ్మదిగా, ఇంచుమించు సమానంగా వస్తుంది. ఒక్క కన్ను మారినా, ఉన్నట్టుండి మారినా, పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా ఉన్నా, దాన్ని డైటింగ్ మీదికి నెట్టకండి.

ఇంట్లో చూసుకునే పద్ధతి చెబుతాను. ఒకరు ఎదురుగా మీటరు దూరంలో కూర్చుని, ఫోను మీ కళ్ళ ఎత్తులో పట్టుకుని, లైటు వేసి ఫోటో తీయాలి. చెంప మీద మిల్లీమీటర్ల స్కేలు ఆనించుకోండి. నుదురు వదులుగా ఉంచండి. కనుబొమ్మలు పైకెత్తి చూసే అలవాటు చాలామందికి తెలియకుండానే ఉంటుంది, అది లెక్క తప్పిస్తుంది. అందుకని కనుబొమ్మ పైన బొటనవేలితో మెత్తగా అదిమిపెట్టి ఇంకో ఫోటో తీయించండి. ఫోటోలో నల్లగుడ్డు మధ్య లైటు చుక్క మెరుస్తుంది. ఆ చుక్క నుంచి పై రెప్ప అంచు దాకా 4, 5 మిల్లీమీటర్లుంటే మామూలు. చర్మం చూరులా దిగి ఉంటే దాన్ని ఎత్తి, అసలు అంచు నుంచే కొలవాలి. రెండు మిల్లీమీటర్లకి దిగితే, లేదా రెండు కళ్ళకీ తేడా కనిపిస్తే చూపించుకోవాలి. పాత పెళ్ళి ఫోటో పక్కన పెట్టుకోండి, ఆ తేడా పదేళ్ళ కిందటే ఉందేమో తెలుస్తుంది. సెల్ఫీలు పనికిరావు, దగ్గరనుంచి తీస్తే ముక్కు పెద్దదై కళ్ళ కొలత మారిపోతుంది.

ఒక రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు దిగి, ఆ వైపు కంటిపాప చిన్నదిగా ఉందా? మసక వెలుతురులో చూడండి, తేడా అప్పుడే బాగా తెలుస్తుంది. దాంతో పాటు బరువు తనంతట తానే తగ్గుతూ, దగ్గో భుజం నొప్పో ఉంటే వెంటనే ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. ఊపిరితిత్తి పైకొనలో గడ్డ ఆ దారిన వెళ్ళే నరాన్ని నొక్కితే రెప్ప ఇలా దిగుతుంది. గోదావరి లంకల్లో చుట్ట తాగే పెద్దలున్న ఇళ్ళవాళ్ళు ఈ మాట గట్టిగా గుర్తుంచుకోవాలి. "తాత చిక్కాడు, అందుకే కన్ను వాలింది" అని ఊరుకోవద్దండి.

పొద్దున బాగుండి సాయంత్రానికి రెప్ప దిగుతుంటే, ఒక నిమిషం పాటు పైకి చూస్తూ ఉండండి. దిగిపోతే మయస్థీనియా అనే కండరాల నీరసం కావచ్చు. గుడ్డలో చుట్టిన ఐసు మూసిన రెప్ప మీద రెండు నిమిషాలుంచితే 2 మిల్లీమీటర్లు లేస్తే ఆ అనుమానం బలపడుతుంది. రెప్ప పూర్తిగా మూసుకుపోయి, కన్ను పక్కకి తిరిగి, పాప పెద్దదై, తలనొప్పి ఉంటే గంటలు కూడా ఆగకూడదు. మెదడు రక్తనాళం ఉబ్బి ఉండొచ్చు.

తిరగబడిన సంగతీ ఉంది. బాగా తింటున్నా బరువు తగ్గుతూ, గుండె దడ, చేతులు వణకడం ఉండి, కళ్ళు పెద్దవై నల్లగుడ్డు పైన తెల్లగుడ్డు కనపడుతుంటే "సన్నబడి కళ్ళు అందంగా అయ్యాయి" అనుకోకుండా థైరాయిడ్ రక్తపరీక్ష చేయించండి.

ఇంకొకటి చాలామందికి తెలియదు. గ్లకోమాకి, అంటే నీటికాసులకి, ఒక కంట్లోనే చుక్కలు వేసుకుంటున్నారా? బైమాటోప్రోస్ట్, ట్రావోప్రోస్ట్, లాటనోప్రోస్ట్ రకం చుక్కలు చాలాకాలం వాడితే ఆ కంటి కొవ్వు తగ్గి పై రెప్ప గుంట పడొచ్చు. బరువుతో సంబంధం లేదు. అలాగని చుక్కలు ఆపేయకండి, చూపు పోతుంది. మీ కంటి డాక్టరుకి చూపించి మాట్లాడండి.

[ఒక సభికురాలు: కంటి కింద నలుపు ఎక్కువైందండి. క్రీము రాస్తే పోతుందా?]

అది నీడా, రంగా ముందు తేల్చుకోవాలమ్మా. మొహానికి ఎదురుగా, కాస్త కిందినుంచి లైటు వేసి అద్దంలో చూసుకోండి. నలుపు మాయమైతే అది గాడి నీడ, ఏ క్రీమూ గాడిని పూడ్చదు. లైటు వేసినా ఉంటే, చర్మం పక్కకి లాగినా ఉంటే, అది రంగు. దానికి చర్మ వైద్యుల్ని కలవాలి. కళ్ళు నలపడం, గట్టిగా మర్దన చేయడం మానండి, పలచటి చర్మం ఇంకా సాగుతుంది.

[మరొకరు: ఆ గాడిలో జెల్ నింపుతామని బ్యూటీ పార్లర్ వాళ్ళు చెబుతున్నారు.]

దయచేసి వద్దండి. ఆ జెల్‌ని ఫిల్లర్ అంటారు, ఆ ఇంజెక్షన్ ఒక ధమనిలోకి వెళ్ళిందంటే ప్రవాహానికి ఎదురెక్కి కంటి ధమనిలోకి చేరి చూపు శాశ్వతంగా పోవచ్చు. చేసే మనిషికి ఆ రక్తనాళాలు తెలిసి ఉండాలి, జెల్ హయలురానిక్ ఆమ్లం రకమైతే దాన్ని కరిగించే హయలురొనిడేజ్ మందు చేతికందేలా ఉండాలి. ఇవి పార్లర్‌లో ఉండవు. పైగా ఇంకా బరువు తగ్గుతున్నప్పుడు నింపితే కొలత తప్పుతుంది.

రెప్ప మీద మిగిలిన చర్మం తీసే ఆపరేషన్‌దీ అదే లెక్క. బరువు కనీసం ఆరు నెలలు ఒకచోట నిలిచాకే. ఈలోపు చర్మం కొంత తనంతట తానే ముడుచుకుంటుంది, చాలామందికి అవసరమే పోతుంది. చర్మం తీసేటప్పుడు కనుబొమ్మ కింది అంచు నుంచి రెప్ప వెంట్రుకల దాకా సుమారు 20 మిల్లీమీటర్లు మిగల్చాలి. ఎక్కువ తీసేస్తే నిద్రలో కన్ను మూతపడక నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. కొవ్వు కూడా ఎడాపెడా తీసేయకూడదు, సన్నబడినవాళ్ళకి ఇప్పటికే తక్కువ. స్థానికంగా మత్తిచ్చి చేస్తారు, కుట్లు అయిదు నుంచి ఏడు రోజులకి తీస్తారు. మొదటి రెండురోజులు తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టుకోవాలి. ఇంటికెళ్ళాక ఒక కన్ను ఉబ్బి, గట్టిగా నొప్పి వచ్చి, చూపు తగ్గుతుంటే పొద్దుటిదాకా ఆగకండి. లోపల రక్తం కూడి కంటినరాన్ని నొక్కుతుండొచ్చు, గంటల్లో తీసేయాలి.

[ఒక సభికుడు: పన్నెండు కేజీలు తగ్గాక నా కళ్ళజోడు జారుతోంది, చదువుతుంటే అక్షరాలు తేలుతున్నాయండి.]

నిండు చెంపల మీద ఆనుకుని నిలబడిన ఫ్రేము ఇప్పుడు కిందికి జారిందండి. మీది దూరానికీ దగ్గరకీ కలిపిన ప్రోగ్రెసివ్ అద్దమైతే, రెండు మూడు మిల్లీమీటర్లు జారినా దగ్గర చూపు భాగం మీ కంటికి అందకుండా కిందికి పోతుంది. చూపు తగ్గిందని కొత్త పవర్ రాయించుకోకండి. ముందు కళ్ళజోళ్ళ దుకాణంలో ముక్కుమెత్తలు దగ్గరికి జరిపించి, చెవి వెనక కాడలు వంపు వేయించండి. అప్పటికీ కుదరకపోతే పరీక్షకి రండి. వచ్చేటప్పుడు ఆ కళ్ళజోడూ, వాడుతున్న మందుల చీటీలూ, నెలనెలా రాసుకున్న బరువూ, ఓ పాత ఫోటో తెచ్చుకోండి.